జానెడు తడి: ప్రయాణం ఫోటోలు పంచుకునే పద్ధతి

విశాఖపట్నం నుంచి తిరిగి వచ్చిన మూడో రోజు, పరకాల దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. డెబ్బై నాలుగేళ్లు. మాతో రావాల్సిన మనిషే, మోకాళ్ల నొప్పులతో ఆగిపోయింది. సాయంత్రం వరంగల్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతామని ఎంత నచ్చజెప్పినా, "మెట్లెక్కుడు నాతోని కాదు బిడ్డా. మీరు పోయి రాండ్రి, ఫోటోలు పట్టుక రాండ్రి" అంది. సముద్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. అమ్మ చూడటం కూడా అరవై ఎనిమిదేళ్లకు అదే మొదటిసారి.

నా ఫోన్‌లో 412 ఫోటోలు ఉన్నాయి. అరుగు మీద పెద్దమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. కైలాసగిరి మీది నుంచి కనిపించే తీరపు ఒంపు, రోప్‌వే, తెల్లటి శివపార్వతుల విగ్రహాలు, బీచ్ రోడ్డులో జలాంతర్గామి. "మంచిగున్నయ్ బిడ్డా" అంటూనే ఉంది పెద్దమ్మ. నలభయ్యో ఫోటో వచ్చేసరికి ఆమె చూపు వాకిట్లో తిరిగే కోడిపిల్లల మీదికి పోయింది. కాసేపాగి, "గిండ్ల మీ అమ్మ ఏది?" అని అడిగింది.

వెతికాను. 412 ఫోటోల్లో అమ్మ ఉన్నవి 11. వాటిలో ఒకటి రుషికొండ దగ్గర తీసింది. అమ్మ ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని తడి ఇసుకలో నిలబడి ఉంది. వెనక సముద్రం ఓ పక్కకు ఒరిగినట్టు వచ్చింది. కుడివైపున ఎవరిదో మోచెయ్యి. తీసేద్దామనుకున్న ఫోటో అది. పెద్దమ్మ ఫోన్‌ని తన చేతిలోకి తీసుకుంది. అమ్మ చీర అంచు తడిసి ముదురు రంగు తిరిగిన చోట వేలు పెట్టి, "అల గిక్కడిదాక వచ్చిందా?" అంది. తర్వాత తన చీర అంచు మీద జాన పెట్టి కొలుచుకుంది. "జానెడు."

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. నీళ్లు చల్లగున్నయా? కాళ్ల కింద ఇసుక జారిపోతదంటరు, నిజమేనా? భయపడ్డవా? లోపలి నుంచి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అక్కచెల్లెళ్లిద్దరూ ఆ ఒక్క ఫోటో మీద అరగంట మాట్లాడుకున్నారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ అరగంటలో ఉంది. ప్రయాణం ఫోటో పంచుకోవడమంటే, రాలేకపోయిన మనిషికి మన ప్రయాణంలో కాస్త చోటివ్వడం. ఆ మనిషి ఎవరో ముందే అనుకుంటే ఏ ఫోటో పంపాలి, ఎన్ని పంపాలి, పక్కన ఏం రాయాలి, ఎప్పుడు పంపాలి అనేవన్నీ వాటంతటవే తేలిపోతాయి. అనుకోకపోతే నాకు జరిగినట్టే జరుగుతుంది. వందల ఫోటోలుంటాయి, అడిగినవాళ్లకు కావాల్సింది మాత్రం వెతుక్కోవాలి.

ముందు మనిషి, తర్వాత ఫోటో

బయలుదేరే ముందు, సామాను సర్దుకునే రోజునే, ఒక కాగితం మీద ముగ్గురి పేర్లు రాసుకోండి. ఈ ప్రయాణాన్ని మీరు ఎవరికి చూపించాలనుకుంటున్నారో ఆ ముగ్గురివి. ప్రతి పేరు కింద ఆ మనిషి అడగబోయే ప్రశ్న ఒకటి రాయండి.

విశాఖ ప్రయాణానికి ఇప్పుడు నేను రాస్తే ఇలా రాస్తాను. మొదటి పేరు పెద్దమ్మ. ఆమె ప్రశ్న: అల మీదికి వస్తే ఎట్లుంటది? రెండో పేరు పదో తరగతి చదివే మా అన్న కొడుకు. వాడి ప్రశ్న: జలాంతర్గామి లోపల మనుషులు ఎలా ఉండేవాళ్లు బాబాయ్? మూడో పేరు ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుని ఇప్పుడు అమెరికాలో స్థిరపడ్డ మిత్రుడు. అతని ప్రశ్న: జగదాంబ సెంటర్, పూర్ణా మార్కెట్ ఇప్పుడెలా ఉన్నాయిరా?

ముగ్గురూ ఒకే ఊరి గురించి అడుగుతున్నారు, అడిగేది మాత్రం ఒకటి కాదు. పెద్దమ్మకు సూర్యోదయం పంపితే దండం పెట్టుకుని ఊరుకుంటుంది. మిత్రుడికి జలాంతర్గామి పంపితే, రోజూ దాని ముందు నుంచే కాలేజీకి వెళ్లినవాణ్ణంటాడు. అదే మిత్రుడికి సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా కలుపుతున్న చేతుల ఫోటో పంపి చూడండి. ఉల్లిపాయ తరిగే చప్పుడు, నిమ్మకాయ పిండిన వాసన, పొట్లం చివర కారం, అన్నీ అతనే గుర్తు చేసుకుని మీకు తిరిగి రాస్తాడు. సరైన మనిషికి చేరిన ఫోటో జవాబు తెస్తుంది. మీరు పంపిన ఫోటోలకు బొటనవేలి గుర్తులు తప్ప మాటలు రావడం లేదంటే, ఫోటోలో లోపం వెతక్కండి. అది ఎవరికి వెళ్లాలో మరోసారి ఆలోచించండి.

పంచుకునేలా తీయడం

మంచి ఫోటో తీయడం మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. పంచుకోవడానికి అవసరమైన నాలుగు అలవాట్లు మాత్రం ఇక్కడ చెబుతాను.

మొదటిది వెలుతురు. విశాఖ తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి, కొండల వెనక దిగుతాడు. అంటే పొద్దున ఆరు గంటలప్పుడు సముద్రానికి వీపు పెట్టి నిలబడిన మనిషిని తీస్తే ముఖం నల్లగా నీడలా వస్తుంది. ఆకాశం అందంగా ఉంటుంది, అమ్మ ముఖం కనిపించదు. ఆ వేళ మనుషుల్ని తీయాలంటే మీరు నీళ్ల వైపు వెళ్లి, వాళ్లను సూర్యుడికి ఎదురుగా నిలబెట్టండి. సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు ఊరివైపుకు మళ్లుతాడు. అప్పుడు మీరు ఊరి వైపు ఉండి తీస్తే మనుషుల ముఖాలూ సముద్రమూ రెండూ స్పష్టంగా వస్తాయి. పశ్చిమ తీరంలో గోవాకో గోకర్ణానికో వెళ్తే ఇదంతా తలకిందులవుతుంది.

రెండోది మూడు దూరాలు. ఏ చోటినైనా దూరం నుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయండి. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్లారనుకోండి. దూరం నుంచి వరసగా కట్టేసిన మర పడవలు. మధ్య నుంచి చేపల కుప్ప చుట్టూ మూగిన బేరగాళ్లు. దగ్గర నుంచి ఐసు ముక్కల మధ్య మెరిసే వంజరం కన్ను. ఈ మూడూ వరసగా చూసినవాళ్లకు ఆ రేవులోకి నడిచి వెళ్లినట్టుంటుంది. పది పడవల ఫోటోలు కలిసినా ఆ పని చేయలేవు. ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి 61 రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి. వేసవి సెలవుల్లో వెళ్లినవాళ్లు తీసే ఫోటోల్లో రేవు నిండా పడవలు కనిపించేది అందుకే. ఆ సంగతి తెలిస్తే అదే ఫోటోకు చెప్పే మాట ఒకటి దొరుకుతుంది.

మూడోది సంచులు మోసేవాళ్లు. ప్రతి కుటుంబంలోనూ ఫోటోల్లోకి రాని మనిషి ఒకరుంటారు. చెప్పుల దగ్గర కాపలా ఉండేవాళ్లు, పిల్లల బట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడేవాళ్లు. మా ప్రయాణంలో అది అమ్మ. రోజుకు ఒక్కసారైనా ఆ మనిషి చేతిలో సామాను మీరు తీసుకుని, ఆమెను నీళ్లలోకి పంపి ఫోటో తీయండి. ఎప్పుడూ ఫోటోలు తీసే మనిషి చేతిలో ఫోన్ కూడా రోజుకోసారి ఇంకొకరు అందుకోవాలి. పదేళ్ల తర్వాత ఆల్బం తెరిస్తే ఆ ఇద్దరి కోసమే వెతుకుతాం.

నాలుగోది ఆగడం. కొత్త చోటికి చేరగానే మొదటి పది నిమిషాలు ఫోన్ జేబులో ఉంచండి. కైలాసగిరి పైన గాలి ఎటు వీస్తోందో, కింద అలల చప్పుడు అంత ఎత్తుకు వినిపిస్తోందో లేదో ఆ పది నిమిషాల్లోనే తెలుస్తుంది. మీరు అనుభవించనిదాన్ని ఇంకొకరికి పంచలేరు.

412 నుంచి 12కు

రీలు కెమెరాల కాలంలో ఒక రోల్‌కు 36 ఫోటోలు వచ్చేవి. ఆ 36 కోసం కుటుంబమంతా ముందే ఆలోచించుకునేది. స్టూడియోలో కడిగించి తెచ్చాక ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూసేవాళ్లు. ఇప్పుడు తీయడానికి ఖర్చు లేదు. ఖర్చంతా చూసేవాళ్ల సమయం నుంచి పోతోంది. అందుకే ఏరుకోవడం మనం చేయాల్సిన మర్యాద.

నేను పాటించే పద్ధతి ఇది. ఇంటికి వచ్చాక రెండు రాత్రులు గడవనివ్వండి. ప్రయాణపు బడలిక తగ్గాక మూడు విడతలుగా ఏరండి. మొదటి విడతలో ఒకేలా ఉన్నవాటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. కళ్లు మూసుకున్నవి, వేలు అడ్డొచ్చినవి పోతాయి. నాకు 412 లోంచి ఇలా 150 మిగిలాయి. రెండో విడతలో ప్రతి ఫోటోనూ చూసి, దీని గురించి ఒక్క వాక్యమైనా చెప్పగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. చెప్పలేకపోతే అది మీ దగ్గర ఉండొచ్చు, పంపాల్సిన పని లేదు. ఇక్కడ 40 మిగిలాయి. మూడో విడతలో ఆ ముగ్గురి కాగితం ముందు పెట్టుకుని, ఒక్కొక్కరికి 12 మించకుండా ఏరండి. ముగ్గురి ఫోటోలూ కలవనక్కర్లేదు.

ఏరేటప్పుడు ఫోటో ఏ లోపమూ లేకుండా వచ్చిందా అన్నది చివరి ప్రశ్నగా పెట్టుకోండి. వంకరగా వచ్చిన సముద్రాన్ని ఫోన్‌లోనే సరిచేయొచ్చు, మోచేతిని కత్తిరించొచ్చు. తడిసిన చీర అంచు లేకపోతే దాన్ని తెచ్చిపెట్టలేం. రంగులు మాత్రం అతిగా మార్చకండి. బంగాళాఖాతం ఒడ్డున ఒక్కోసారి మట్టిరంగులో, ఒక్కోసారి ఆకుపచ్చగా, లోపల నీలంగా ఉంటుంది. దాన్నంతా ఒకే ముదురు నీలంలో ముంచేస్తే, రేపు స్వయంగా వెళ్లి చూసినవాళ్లకు నిజమైన సముద్రమే వెలిసిపోయినట్టు అనిపిస్తుంది.

పక్కన ఒక్క మాట

'బీచ్‌లో సరదాగా' అని రాసి పంపే ఫోటో, అడ్రసు రాయని కవరులాంటిది. ఫోటోలో కనిపించనిది ఏదైనా ఒకటి మాటల్లో చెప్పండి. అది చలి కావచ్చు, వాసన కావచ్చు, ఎవరో అన్న మాట కావచ్చు, ఆ చోటు చరిత్ర కావచ్చు.

మా అన్న కొడుక్కి నేను రాసింది ఇది: "ఇది ఐఎన్ఎస్ కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969లో మన నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. 2002 నుంచి ఇలా ఇసుక మీద మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లే తలుపు గుండ్రంగా ఉంటుంది. నేను నడుం వంచి, ముందు ఒక కాలు పెట్టి దూరాను. మనిషి పడుకునే బెర్తు రైల్లో మన సైడ్ బెర్తు కంటే ఇరుకు. నువ్వు వస్తే ఆ బెర్తు పక్కన నిలబెట్టి ఫోటో తీస్తాను." వాడు ఆ రాత్రే ఫోన్ చేసి, సముద్రం లోపల గాలి ఎక్కణ్నుంచి వచ్చేదని అడిగాడు.

తొట్లకొండ ఫోటోకు ఇలా రాయొచ్చు: "సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులుండేవాళ్లు. నీళ్ల కోసం రాతిలో తొలిచిన ఈ తొట్ల వల్లే కొండకు ఆ పేరు. వర్షాకాలంలో వాళ్లు ఈ స్తూపం దగ్గర కూర్చుంటే ఎదురుగా ఇదే సముద్రం కనిపించి ఉంటుంది." డాల్ఫిన్స్ నోస్ ఫోటోకు: "డాల్ఫిన్ మూతిలా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఈ కొండ చాటునే విశాఖ రేవు ఉంది. 1933లో రేవు తెరిచినప్పటి నుంచీ ఓడలు దీని పక్కగానే లోపలికి వస్తున్నాయి." ఒక్క వాక్యం చేరితే కొండ వట్టి కొండలా ఉండిపోదు.

చివర్లో తేదీ, చోటు తప్పక రాయండి. ఇప్పుడు అక్కర్లేదనిపిస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కైలాసగిరి మీద చెట్లు కూలిపోయి కొండ బోసిపోయింది. అంతకు ముందు ఆ కొండ ఎంత పచ్చగా ఉండేదో చెప్పడానికి ఈరోజు జనం ఇళ్లలో దాచుకున్న పాత విహారయాత్ర ఫోటోలే సాక్ష్యాలు. తేదీ ఉన్నవాటికే ఆ విలువ.

ఎప్పుడు పంపాలి, ఎలా పంపాలి

ఆ ముగ్గురికీ మీరు ఎప్పుడు పంపినా ఇబ్బంది లేదు. అందరికీ కనిపించేలా స్టేటస్‌లోనూ సోషల్ మీడియాలోనూ పెట్టేవి మాత్రం ఇల్లు చేరాకే పెట్టండి. విశాఖలో మొత్తం కుటుంబం నవ్వుతున్న ఫోటో పెడితే, ఊళ్లో మీ ఇంటికి తాళం వేసి ఉందని చాటింపు వేసినట్టే. పండుగ సెలవుల ముందు పోలీసులు చెప్పే జాగ్రత్తల్లో ఇదీ ఉంటుంది.

లొకేషన్ సంగతీ తెలుసుకోవాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో లోపల తీసిన తేదీ, సమయంతో పాటు ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. మీ జ్ఞాపకాలకు అది చాలా ఉపయోగం. ఇంట్లో తీసిన పిల్లల ఫోటోలు తెలియనివాళ్లకు వెళ్లేటప్పుడు అదే ప్రమాదం. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు తొలగిపోతాయి, ఫోటో నాణ్యత కూడా తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు, వివరాలూ ఫోటోతో పాటే వెళ్తాయి. కాబట్టి ప్రింట్ వేయించుకునే సొంత మనుషులకు డాక్యుమెంట్‌గా, మిగతావాళ్లకు హెచ్‌డీ గుర్తు నొక్కి మామూలు ఫోటోగా పంపండి.

కలిసి వెళ్లిన నాలుగు కుటుంబాలవాళ్లు ఒకరి ఫోటోలు ఒకరికి ఇచ్చుకోవాలంటే గ్రూపులో కుమ్మరించడం కన్నా గూగుల్ ఫోటోస్‌లో ఒక ఉమ్మడి ఆల్బం చేసుకోవడం మేలు. అందరూ వాళ్ల ఫోటోలు అందులో వేస్తారు, కావాల్సినవాళ్లు కావాల్సినవి తీసుకుంటారు. రెండు జాగ్రత్తలు చాలు. ఆల్బం లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చూడగలరు కనుక, పని అయ్యాక లింకును ఆపేయండి. ఉచితంగా దొరికే 15 జీబీ చోటు మీ జీమెయిల్‌కూ డ్రైవ్‌కూ కలిపి ఇచ్చిందే, అది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగుతుంది.

ఇక పెద్దవాళ్లకు ప్రింట్లే ఇవ్వండి. పోస్టుకార్డు అంత ఉండే 4×6 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే ఫోటో 1200×1800 పిక్సెళ్లుంటే చాలు. ఈనాటి ఏ ఫోనైనా అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. చూపు ఆనని పెద్దలకు ఇంకాస్త పెద్ద సైజు వేయించండి. వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయకండి, ముందువైపు గీత పడుతుంది. మెత్తటి మార్కర్‌తో తేదీ, చోటు రాయండి.

ఫోటోలో ఉన్నవాళ్ల వాటా

ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఉదయం గంపలో చేపలు సర్దుకుంటున్న ఒకావిడను అడక్కుండానే తీశాను. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను ఫోన్ దించి, తప్పయిందని చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ఏటి బాబూ, అందరూ వత్తారు, ఫోటోలు తీసుకెల్తారు. ఒక్కలైనా మాకు సూపించారేటి?" అంది. నాకు చాలాసేపు మాట రాలేదు. ఇన్నేళ్లుగా ఎన్ని ఊళ్లలో ఎంతమంది ముఖాలు తెచ్చుకుని ఉంటాను! ఒక్కరికీ తిరిగి ఇవ్వలేదు. అడిగి మళ్లీ తీశాను. ఈసారి గంప పక్కన పెట్టి, తల సవరించుకుని, నిటారుగా కూర్చుంది. వాళ్లబ్బాయి నంబరు తీసుకుని అక్కడే పంపాను. ఆమె దాన్ని చూసి పక్కనున్నవాళ్లకు చూపించింది.

ఫోటోలో ఉన్న మనిషికే మొదటి కాపీ. ఈ నియమం పెట్టుకున్నాక నా ఫోటోలే మారిపోయాయి. దాంతో పాటు మరికొన్ని పాటించండి. సముద్ర స్నానం చేస్తున్న ఆడవాళ్లు, పిల్లలు మీ ఫోటో వెనకభాగంలో పడితే ఆ ఫోటో బయటికి పెట్టొద్దు, లేదా వాళ్లను కత్తిరించండి. మీతో వచ్చినవాళ్లను కూడా 'ఇది పెట్టనా?' అని అడగండి. తమ ఫోటో పెట్టొద్దన్న చెల్లెలికి, కోడలికి, పదమూడేళ్ల కొడుక్కి కారణం చెప్పాల్సిన అవసరం లేదు.

విశాఖ తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం. నౌకాదళ ప్రాంతాలు, డాక్‌యార్డ్, రేవు లోపలి భాగాల దగ్గర ఫోటోలు నిషిద్ధమని బోర్డులుంటాయి. అక్కడ తీయడమూ పంచుకోవడమూ చట్టరీత్యా నేరం. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం కూడా అంతే. సింహాచలంలో గుడి లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదు. గోపురం బయటి నుంచి తీసి, లోపల స్వామిని చూసింది మాటల్లో చెప్పండి. ఏడాదంతా చందనపు పూతలో ఉండే స్వామి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో కనిపిస్తాడని వింటే, చూడనివాళ్ల మనసులో ఆ రూపం దానంతటదే దిద్దుకుంటుంది.

మన ఫోటో చూసి ఇంకొకరు అక్కడికే వెళ్తారన్నదీ గుర్తుంచుకోండి. నురగ కొట్టే బండరాళ్ల చివర నిలబడి తీసుకున్న ఫోటో పంచుకుంటే, దాన్ని చూసి ఓ పిల్లాడు అక్కడికే ఎక్కుతాడు. ఆర్కే బీచ్ పైకి ప్రశాంతంగా కనిపించినా లోపలికి లాగే ప్రవాహాలున్న తీరం, ప్రాణాలు పోయిన చోటు. ఎర్రమట్టి దిబ్బలు గట్టి రాయి కాదు, వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన ఇసుక. ఎక్కితే రాలిపోతుంది. అలాంటి చోట్ల ఫోటోతో పాటు "కింది నుంచే చూడండి" అన్న మాట కూడా పంపండి.

చూసేవాళ్ల మనసు

ఒకే ఫోటో ఒకరికి సంతోషం, ఇంకొకరికి బాధ. పరీక్ష తప్పిన పిల్లవాడు, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న స్నేహితుడు, ఉద్యోగం పోయిన తమ్ముడు మీ గ్రూపులో ఉండొచ్చు. వాళ్ల కోసం మీ సంతోషాన్ని దాచుకోనక్కర్లేదు. గ్రూపులో వరసగా పెట్టే ముందు వాళ్లతో విడిగా ఒక్క మాట మాట్లాడండి. 'ఇక్కడ నువ్వు గుర్తొచ్చావురా' అన్న మాటతో ఒక్క ఫోటో పంపండి. ఆ మాట నిజమైతేనే పంపండి.

వీలున్నప్పుడల్లా పక్కన కూర్చుని చూపించండి. ఫోన్ వాళ్ల చేతికివ్వండి. తర్వాతి ఫోటోకు ఎప్పుడు వెళ్లాలో వాళ్ల వేలినే నిర్ణయించుకోనివ్వండి. ఎక్కడ ఆగుతారో చూడండి. ఆగిన చోట మీరు చెప్పడం మానేసి, ఏం కనిపిస్తోందని అడగండి. పెద్దమ్మ చేతికి ఫోన్ వెళ్లేదాకా ఆమెకు సముద్రం అందలేదు. ఆమె వేలు ఆగిన చోటు నేను ఊహించింది కాదు.

అలాగే, ఇంకొకరు ప్రయాణం చేసి వచ్చి ఫోటోలు చూపిస్తే ఒక ప్రశ్న అడగండి. 'బాగున్నాయి' అన్న మాటతో సంభాషణ ముగిసిపోతుంది. 'ఇక్కడ గాలి ఎలా ఉంది?' అంటే మొదలవుతుంది.

ఈ వారం చేయండి

1. మీ చివరి ప్రయాణం ఫోటోలు తెరవండి. అది అరకు కావచ్చు, భీమిలి కావచ్చు, చెన్నై కావచ్చు. ఆ ప్రయాణానికి రావాలని ఉండి రాలేకపోయిన ఒక మనిషి పేరు రాయండి.

2. ఆ మనిషి అడిగే ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. తెలియకపోతే ఫోన్ చేసి, 'అక్కడి సంగతి ఏం తెలుసుకోవాలనుంది?' అని అడగండి.

3. మూడు విడతల్లో ఏరి 12 ఫోటోలు చేయండి. వాటిలో సంచులు మోసిన మనిషి ఉన్న ఫోటో ఒకటైనా ఉండాలి.

4. ప్రతిదానికీ ఫోటోలో కనిపించని సంగతి ఒకటి, తేదీ, చోటు రాయండి.

5. ఆరింటిని ప్రింట్ వేయించి స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి. కనీసం ఒక గంట కూర్చునే వీలు చూసుకుని వెళ్లండి.

6. ఫోటోలో ఉన్న ఒక బయటి మనిషికి, అది హోటల్ కుర్రాడైనా, ఆటో డ్రైవరైనా, చేపలమ్మే ఆవిడైనా, వాళ్ల ఫోటో వాళ్లకు చేర్చండి.

నేను ఆ వారం అమ్మ ఫోటోను పెద్ద సైజులో వేయించి పెద్దమ్మకు ఇచ్చాను. మోచేతిని కత్తిరించాను, సముద్రాన్ని సరిచేశాను. ఆమె దాన్ని గోడ గూట్లో దేవుడి పటాల పక్కన నిలబెట్టింది. మొన్న మళ్లీ వెళ్లినప్పుడు ఎదురింటి పిల్లలు అరుగు మీద ఉన్నారు. పెద్దమ్మ ఆ ఫోటో ఒళ్లో పెట్టుకుని వాళ్లకు చెబుతోంది. "మా చెల్లె నిలబడ్డది చూడు. ఇసుక కాళ్ల కిందికెల్లి జారుతాంటే గట్టిగ నిలబడ్డది. అల గింతదాక వచ్చింది" అంటూ తన చీర అంచు మీద జాన పెట్టి చూపించింది. పిల్లలు కూడా తమ బట్టల మీద జాన పెట్టి కొలుచుకున్నారు.